ఏడుగురు ఎక్కితే ఎంత మునుగుతది: ఒక కింగ్‌ఫిషర్ కేస్ స్టడీ

నాది హన్మకొండల డెంటల్ ల్యాబ్. పొద్దంత పళ్ల సెట్లు, క్యాపులు, బ్రిడ్జిలు, రాత్రి పది దాటినంక అదే టేబుల్ మీద అదే మైక్రోమోటర్‌తోని (పళ్లు అరగదీసే చిన్న మెషిన్) స్కేల్ మోడల్స్, అంటే అసలు విమానాల కొలతలకి తగ్గ చిన్న నమూనాలు. పన్నెండేండ్ల సంది చేస్తున్న. ఎక్కువ నా కోసమే చేసుకుంట, ఏడాదికి ఒకటో రెండో ఎవరన్నా మనసు పెట్టి అడిగితే చేసిస్త. ఇప్పుడు రాసేది అట్లాంటి ఒకదాని గురించే, కింగ్‌ఫిషర్ అనే సీప్లేన్ (నీళ్ళ మీద దిగే విమానం) గురించి, మొదటి నుంచి చివరి దాక, ఎక్కడ తప్పు పోయిందో, ఎట్ల సరి చేసిన్నో అన్నీ రాస్తున్న, ఎందుకంటే సీప్లేన్‌ని నీళ్ళల్ల తేలుతున్నట్టు చూపియ్యాలనుకునేటోళ్ళకి ఇందుల పనికొచ్చే లెక్క ఒకటుంది. అది నాకు ఎవరూ చెప్పలే, టబ్బుల నీళ్ళు పోసుకుని నేర్చుకున్న.

ఫిబ్రవరిల మాకు తెలిసిన డాక్టర్ గారితోని ఒక పెద్దాయన ల్యాబ్‌కొచ్చిండు. కాజీపేట ఆయన, నేవీల చేసి రిటైర్ అయిండు. విశాఖల ఐఎన్ఎస్ డేగ అనే నేవీ ఎయిర్ బేస్‌ల చేతక్ హెలికాప్టర్ మీద సెర్చ్ అండ్ రెస్క్యూ డ్యూటీ చేసిండంట, అంటే సముద్రంల పడ్డోళ్ళని వించ్ తాడుతోని పైకి గుంజే పని. డాక్టర్ గారు నాతోని పంటి రంగు షేడ్ గురించి మాట్లాడుతుంటే ఈయన అల్మార ముందర నిలబడి మోడల్స్ చూసుకుంట ఉన్నడు. ఒక్కొక్కటి ఏందని అడిగిండు, చెప్పిన. ఇది ఫైటర్, ఇది డైవ్ బాంబర్, ఇది టార్పెడో వేసేది. అన్నీ ఇన్నంక “అన్నీ కొట్టేటియే ఉన్నయ్ తమ్మీ, కాపాడేది ఒక్కటి లేదా?” అన్నడు. ఎగతాళి లేదు ఆ మాటల, నిజంగనే అడిగిండు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే, పన్నెండేండ్లల ఒక్కటి కూడా చెయ్యలేదా అని అల్మార మొత్తం మనసులనే ఒకసారి తిరిగొచ్చిన. మర్నాడు డాక్టర్ గారి దగ్గర నంబర్ తీసుకుని ఫోన్ చేసి “సార్, ఒకటుంది, కథ చెప్త వినండి” అన్న.

ఆ కథ ఇది. కింగ్‌ఫిషర్ అంటే మన లకుముకి పిట్ట, వడ్డేపల్లి చెరువు కాడ కరెంటు తీగ మీద కూసుని దబుక్కున నీళ్ళల్లకి దుంకుతది కదా, అదే. అమెరికా నేవీ రెండో ప్రపంచ యుద్ధంల వాడిన వాట్ ఓఎస్2యు విమానానికి ఆ పేరు పెట్టిన్రు. 1938ల మొదటిసారి ఎగిరింది. కడుపు కింద ఒక పెద్ద ఫ్లోట్ (నీళ్ళ మీద తేలే పడవ లాంటిది), రెక్కల కొసలకి రెండు చిన్న ఫ్లోట్లు, లోపల పైలట్ ఒకరు, వెనక రేడియోమన్ ఒకరు. ఇంజిన్ చిన్నది, ప్రాట్ అండ్ విట్నీ తొమ్మిది సిలిండర్ల రేడియల్, 450 హార్స్‌పవర్. స్పీడు కూడా ఎంతో లేదు, గట్టిగ పోతే గంటకి 264 కిలోమీటర్లు. బ్యాటిల్‌షిప్ వెనక డెక్ మీద కాటపుల్ట్ (విమానాన్ని ముందుకి విసిరే యంత్రం) పెట్టి మందు పేల్చి ఎగరేస్తరు, పని అయిపోయినంక సముద్రంల దిగుతది, ఓడ గుంజుకొస్తున్న వల లాంటి దాని మీదికి ఎక్కితే ఫ్లోట్ కింద ఉన్న కొక్కెం పట్టుకుంటది, క్రేన్‌తోని పైకి లేపుకుంటరు. ఓడ పెద్ద తుపాకులు వేసే గుండ్లు ఎక్కడ పడుతున్నయో పైనుంచి చూసి చెప్పుడు దీని అసలు పని. కానీ పేరు మిగిలింది మాత్రం మనుషుల్ని ఎత్తుకొచ్చిన పనికే.

1944 ఏప్రిల్ 30, మే 1. పసిఫిక్‌ల ట్రక్ అనే పేరున్న, జపానోళ్ళ స్థావరం ఉన్న దీవుల మీద అమెరికా క్యారియర్ విమానాలు దాడి చేస్తున్నయ్, కొన్ని దెబ్బతిని సముద్రంల పడ్డయ్. నార్త్ కరోలినా అనే బ్యాటిల్‌షిప్ నుంచి రెండు కింగ్‌ఫిషర్లు పోయినయ్. ఒకటి నీళ్ళల్ల దిగి మనిషిని ఎక్కిచ్చుకునేటప్పుడు తిరగబడ్డది. ఇంకో దాంట్ల ఉన్నది లెఫ్టినెంట్ జాన్ బర్న్స్. ఆయన దిగిండు, నీళ్ళల్ల ఉన్నోళ్ళందరినీ ఎక్కిచ్చుకున్నడు, కానీ అంత బరువుతోని ఎగిరే మాటే లేదు. అందుకే ఎగరలే. పడవ లెక్క నీళ్ళ మీదనే నడుపుకుంట టాంగ్ అనే సబ్‌మరీన్ దాక తీసుకపోయి అప్పజెప్పిండు. మర్నాడు మళ్ళ పోయిండు, మళ్ళ కొంతమందిని ఎక్కిచ్చుకున్నడు, రెక్కల మీద ఒకరి పక్కన ఒకరు కూసున్నరు, విమానం అప్పటికే దెబ్బతిన్నది. వాళ్ళు దిగినంక ఇగ ఆ కింగ్‌ఫిషర్ పనికిరాదని టాంగే గన్నుతోని కొట్టి ముంచేసింది. ఆ ఒక్క గస్తీల టాంగ్ మొత్తం 22 మంది ఎయిర్‌మెన్‌ని కాపాడింది. అదే టాంగ్ ఆర్నెల్ల లోపల, అక్టోబర్‌ల, తాను వదిలిన టార్పెడో గుండ్రంగ తిరిగొచ్చి తనకే తగిలి మునిగిపోయింది. ఈ చివరి ముక్క ఫోన్ల చెప్పంగనే సార్ చానాసేపు మాట్లాడలే. తర్వాత అన్నడు: “అదే చెయ్యి. మనుషులు రెక్క మీద ఉన్నప్పటిదే చెయ్యి.”

కిట్ 1/48ల, అంటే అసలు దాంట్ల 48వ వంతు సైజుల దొరికింది, పాత మోల్డ్. 1/48ల రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి దాదాపు 23 సెంటీమీటర్లు, పొడుగు 21న్నర. బల్ల మీద పెట్టుకునేందుకు బాగ సరిపోయే సైజు. కట్టుడు గురించి ఎక్కువ రాయను, అది అందరికీ తెలిసిందే. రెండు సంగతులు మాత్రం చెప్తా. ఒకటి, పాత కిట్ల మీద ప్యానెల్ గీతలు పైకి ఉబ్బి ఉంటయ్ కదా, చానామంది అవన్నీ గీకేసి లోపలికి కొత్త గీతలు చెక్కుతరు. కింగ్‌ఫిషర్‌కి నేను ఉప్పు కాగితంతోని సాపు చేసి దాదాపు అట్లనే వదిలేసిన. ఎందుకంటే రేకుల్ని చుక్క చుక్కగ కరిగిచ్చి కలిపే స్పాట్ వెల్డింగ్‌తోని అతికిచ్చిన మొదటి ప్రొడక్షన్ విమానం ఇదే, బాడీ నున్నగ ఉండాల్నని కావాలనే అట్ల చేసిన్రు. దాని మీద నాగలి దున్నినట్టు గీతలు చెక్కితే అది కింగ్‌ఫిషర్ కాదు. రెండోది డీకల్స్, అంటే విమానం మీద అతికిచ్చే గుర్తుల స్టిక్కర్లు. ఏండ్ల తరబడి డబ్బల ఉండి పసుపు రంగుకొచ్చినయ్. కిటికీ అద్దానికి లోపల్నుంచి టేపుతోని అతికిచ్చి ఎండకి పెట్టిన, మన మార్చి ఎండకి నాలుగు రోజులల్ల తెల్లగ అయినయ్. ఇది పాత చిట్కానే, కానీ వరంగల్ ఎండకి మస్తు తొందరగ పని చేస్తది.

రంగు మూడు రకాలది, 1944ల వాళ్ళ నేవీ వాడింది అదే: పైన ముదురు సముద్ర నీలం, పక్కల మధ్యరకం నీలం, కింద తెలుపు. మెరుపు లేని రంగులు. ఏప్రిల్‌ల పగటిపూట ఎయిర్‌బ్రష్ పట్టుకుంటే అక్రిలిక్ రంగు నాజిల్ కొసకే ఎండి అడ్డం పడుతది, మిగిలింది విమానం మీద పడే లోపల గాలిలనే ఆరి పౌడర్ చల్లినట్టు గరుగ్గ అయితది. రంగు తొందరగ ఆరకుండ రిటార్డర్ కలిపి, పొద్దుగల అయిదింటికి లేచి, కూలర్ బంద్ చేసి కొట్టిన. ఎనిమిది లోపల ఆపేసుడే. వారం పట్టింది.

ఇక్కడ ఒక మాట. సీప్లేన్ అనంగనే ఫ్లోట్ మీద పచ్చటి పాకుడు గీత, తెల్లటి ఉప్పు చారలు, నాచు, ఇవన్నీ వేస్తరు. చెరువుల పడవలు చూసి వేస్తరనుకుంట. కానీ బ్యాటిల్‌షిప్ మీద ఉండే కింగ్‌ఫిషర్ నీళ్ళల్ల బతకదు. అది ఉండేది డెక్ మీద, కాటపుల్ట్ మీద, నీళ్ళల్ల ఉండేది దిగినప్పటి నుంచి క్రేన్ లేపే దాక. నాచు పట్టేంత టైం యాడిది? హార్బర్ల లంగరేసి ఉండే ఫ్లయింగ్ బోట్లకి వెయ్యండి, ఒప్పుకుంట. దీనికి వద్దు. నేను వేసింది ఎండకి వెలిసిన నీలం, ఎగ్జాస్ట్ మసి, మనుషులు ఎక్కే చోట కాళ్ళు తగిలి రంగు పోయిన మచ్చలు, అంతే. ఈ విషయంల నేను ఎవరితోనైనా కొట్లాడతా.

మనుషుల దగ్గర నా వృత్తి పనికొచ్చింది. 1/48ల మనిషి మూడున్నర సెంటీమీటర్ల కంటే జర ఎక్కువ, అంతే. పళ్లకి వాడే మైనంతోని, అదే వాక్స్ కార్వర్‌తోని చెక్కిన, సిలికాన్ పుట్టీల అచ్చు తీసిన, సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ (దానంతటదే గట్టిపడే ప్లాస్టిక్) పోసిన. చిగుళ్ళకి వాడే గులాబి రంగు అక్రిలిక్ మనుషులు టేబుల్ మీద వరసగ ఉంటే మా పిల్లగాడు “నానా, వీళ్ళందరికీ చర్మం లేదా?” అని అడిగిండు. లోపల ఇద్దరు, రెక్కల మీద ఏడుగురు, అట్ల ఫిక్స్ చేసుకున్న. మొదటి సెట్ల ఒకాయన చెయ్యి పైకెత్తి ఊపుతుండు, ఇంకొకాయన నవ్వుతుండు. ఫొటో తీసి సార్‌కి వాట్సాప్‌ల పంపితే ఆయన ఫోన్ చేసిండు. “నీళ్ళల్లకెళ్ళి పైకి తీసినంక మనిషి నవ్వడు తమ్మీ. చెయ్యి ఊపడు. ఏది దొరికితే అది పట్టుకుంటడు, ఇడువడు. తలుపు అంచు, బెల్టు, నా కాలు. ఒకసారి నా కాలర్ పట్టుకున్నడు ఒకాయన, బేస్‌ల దిగినంక వేళ్ళు ఒక్కొక్కటి ఇడిపియ్యాల్సొచ్చింది.” ఆ ఇద్దరినీ పక్కన పెట్టేసి మళ్ళ చెక్కిన. ఇప్పుడు ఏడుగురి చేతులు కూడా ఏదో ఒకటి పట్టుకునే ఉంటయ్. ఒకరు కాక్‌పిట్ అంచు, ఒకరు పక్కోని లైఫ్ జాకెట్ పట్టీ, రెక్క ముందు అంచుని రెండు చేతులతోని పట్టుకున్నోళ్ళు ఇద్దరు. భుజాలు లోపలికి, తలకాయ కిందికి. వేళ్ళు చెక్కడానికే మూడు రాత్రులు పట్టింది, ఒక్కో వేలు మైనంల వెంట్రుక మందం, ఊపిరి గట్టిగ వదిలితే వంగుతది.

మే మొదటి వారం వరకి విమానం అయిపోయింది, మనుషుల్ని రెక్కల మీద మైనంతోని టెంపరరీగ అతికిచ్చిన, థర్మాకోల్ బేస్ మీద ఫెవికాల్, టిష్యూ పేపర్‌తోని అలలు లేపి, ఫ్లోట్ ఇమిడేంత గుంట చేసి అందుల కూసోబెట్టిన. చాలా బాగుందనుకున్న, అబద్ధమెందుకు. సార్‌ని చూడనీకి రమ్మన్న.

ఆయన వచ్చి నిలబడి చూడలే. స్టూల్ జరుపుకుని, గడ్డం టేబుల్‌కి ఆనిచ్చి, నీళ్ళ లెవెల్‌కి కండ్లు పెట్టి చూసిండు. నిమిషం, నిమిషంన్నర. తర్వాత మెల్లగ అన్నడు: “తమ్మీ, ఇది ఖాళీ విమానం.”

నాకు అర్థం కాలే. ఏడుగురు ఉన్నరు కదా సార్ అన్న. “మనుషులున్నరు. బరువు లేదు” అన్నడు. కిట్ డబ్బ మీద బొమ్మల, మ్యూజియం ఫొటోలల్ల చూసిన ఎత్తుకే నేను నీళ్ళ గీత పెట్టిన. నీళ్ళల్ల ఆరాంగ తేలుతున్న విమానం ఎత్తు అది. దాని మీద ఏడుగురు తడిసిన మనుషుల్ని ఎక్కిచ్చిన కూడా అది అంతే ఎత్తుల నవ్వుకుంట కూసుంది. ఆయన చెప్పినంక ఇగ నాకు అది తప్ప ఇంకోటి కనపడలే. మరి ఎంత ముంచాలె? అందాజుగ ఒక మిల్లీమీటరా, అయిదా? అందాజు నాకిష్టం లేదు. పళ్ల సెట్ల కూడా అందాజుగ చేస్తే పేషంట్‌కి మెతుకు నమలరాదు.

ఇక్కడి నుంచి అసలు కేసు.

లెక్క ఇట్ల పోతది. స్కేల్ 1/48 అంటే పొడుగు 48 వంతుల ఒకటి. రెక్క వైశాల్యం 48 × 48 హెచ్చిస్తే వచ్చే వంతు. మరి నీళ్ళల్ల మునిగిన భాగం ఘనపరిమాణం? 48ని మూడుసార్లు వేసి హెచ్చిస్తే (48 × 48 × 48), అంటే 1,10,592ల ఒక వంతు. తేలే వస్తువు ఎంత బరువుంటే అంత బరువు నీళ్ళని పక్కకి నెడతది, ఇది చిన్నప్పుడు బడిల చదివిందే, రామప్ప గుడి శిఖరం ఇటుక నీళ్ళల్ల వేస్తే తేలుతదని మా బడి పంతులు చెప్పింది కూడా ఈ పాఠంలనే. అంటే అసలు విమానం బరువుని 1,10,592తోని భాగిస్తే వచ్చే గ్రాములు నా చిన్న ఫ్లోట్ మీద పెడితే, అది అసలు విమానం మునిగినంతనే మునగాలె. కింగ్‌ఫిషర్ ఖాళీ బరువు 1,870 కిలోలు, నిండుగ 2,720 కిలోలు. కొంత పెట్రోల్ అయిపోయి ఉంటదని ఇద్దరు మనుషులతోని కలిపి 2,500 పట్టుకున్న. భాగిస్తే 22.6 గ్రాములు. ఇగ ఏడుగురు. నేను మనిషికి 75 వేసిన, సార్ ఒప్పుకోలే, తడిసిన బట్టలు, బూట్లు, జాకెట్, 85 వెయ్యి అన్నడు. 595 కిలోలు. మొత్తం 3,095. భాగిస్తే 28 గ్రాములు. అంటే ఆ ఏడుగురి బరువు నా స్కేల్‌ల అయిదున్నర గ్రాములు కూడా లేదు, చెంచాడు చక్కెర అంత. ఈ సంఖ్య చూసి నేను జరసేపు ఆగిపోయిన.

కానీ మోడల్ని టబ్బుల వేస్తే కుదరదు, కిట్ ప్లాస్టిక్ బరువు 28 గ్రాముల కంటే చాలా ఎక్కువ, మునిగిపోతది. ఫ్లోట్ ఒక్కటే కావాలె, అది కూడా పైన తెరిచి ఉండాలె, లోపల బరువు పెట్టడానికి. విమానం ఫ్లోట్‌ని సిలికాన్ ఇంప్రెషన్ పుట్టీల సగం పైదాక ఒత్తి అచ్చు తీసిన, దంతాల అచ్చు తీసినట్టే. ఆ అచ్చు లోపలి గోడలకి సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ బ్రష్‌తోని పల్చగ పూసిన. గట్టి పడినంక బయటికి తీస్తే గుడ్డు పెంకు అంత తేలికైన పడవ, అరచేతి కన్నా జర పొడుగు, బయటి షేప్ అచ్చం అసలు ఫ్లోట్. ఫ్లోట్ బయటి పక్క పూయకండి, మందం పెరిగి లెక్క మొత్తం తప్పుతది, అచ్చు లోపలనే పూయాలె.

మా ఇంట్ల బట్టలు నానబెట్టే టబ్బు తెచ్చిన. నల్లా నీళ్ళు కాదు సముద్రం నీళ్ళు కావాలె, లీటరుకి 35 గ్రాముల చొప్పున గల్లుప్పు కరిగిచ్చిన. పది లీటర్లకి 350 గ్రాములు, మా ఆవిడ ఉప్పు డబ్బ ఖాళీ అయింది, ఆమె కూడా పక్కన కూసుని చూసింది. బరువుకి సైకిల్ షాపుల దొరికే బేరింగ్ గోళీలు, పావు ఇంచువి, ఒక్కోటి దాదాపు ఒక గ్రాము. పాయింట్ లెక్కలకి బియ్యపు గింజలు. ల్యాబ్‌ల బంగారం, మెటల్ తూచే డిజిటల్ కాంటా ఉంది, పెంకుతోని కలిపి సరిగ్గ 22.6 చేసి రెక్క ముందు భాగం కిందికి వచ్చే చోట గోళీలు సర్ది నీళ్ళల్ల వదిలిన. తేలింది. నీళ్ళు కదలకుండ అయ్యేదాక ఆగి, నీళ్ళ గీత కాడ సూది మొనతోని నాలుగు చోట్ల గుర్తు పెట్టిన. తర్వాత ఇంకో 5.4 గ్రాములు. ఇవి మాత్రం ముందటి చోట కాదు, మనుషులు కూసున్న చోట, కాక్‌పిట్ పక్కకి జర వెనకకి. మళ్ళ గుర్తులు. తీసి తుడిచి వెర్నియర్‌తోని కొలిచిన.

సగటున రెండు మిల్లీమీటర్లకి కొంచెం పైన. ముందు కొస దగ్గర రెండు కంటే తక్కువ, వెనక కొస దగ్గర మూడుకి దగ్గర దగ్గర. 48తోని హెచ్చిస్తే అసలు విమానం మధ్యల దాదాపు 11 సెంటీమీటర్లు ఎక్కువ దిగింది, తోక ఇంకా కిందికి పోయింది. నేను అందాజుగ ముంచి ఉంటే సాపుగ ముంచేటోన్ని, తోక దిగుతదన్న ఆలోచనే రాకపోతుండె. ముందు కొస పైకి లేసి, వెనక భాగం నీళ్ళల్లకి కూరుకపోయి, బరువు మోస్తున్న బర్రె చెరువుల నడిచినట్టు, ఆ రూపం టబ్బుల కనపడంగనే ఇదే కదా రెక్కల మీద మనుషుల్ని మోసిన ఆ విమానం అనిపించింది.

ఇంకో తప్పు కూడా అప్పుడే దొరికింది. నేను రెండు రెక్కల కొస ఫ్లోట్లనీ నీళ్ళకి సమానంగ ఆనిచ్చిన. మధ్యల ఒకటే పెద్ద ఫ్లోట్ ఉన్న విమానం నీళ్ళ మీద అట్ల నిలబడదు, రోకలి మీద కూసున్నట్టు ఎటో ఒక దిక్కు ఒరుగుతది, ఆ దిక్కు కొస ఫ్లోట్ నీళ్ళని ఆనుకుని ఆపుతది. నావి ఎడమ రెక్క మీద నలుగురు, కుడి మీద ముగ్గురు. ఎడమకి ఒరగాలె. ఎడమ కొస ఫ్లోట్ సగం కంటే ఎక్కువ ముంచిన, కుడిది గాలిలకి లేసింది, దాని అడుగు నుంచి నీళ్ళ చుక్క వేలాడుతున్నట్టు గ్లాస్ పోగు ఒకటి అతికిచ్చిన. ఎడమ దిక్కు చివర కూసున్న మనిషి కాలు ఇప్పుడు నీళ్ళకి తగులుతున్నది. అది నేను ప్లాన్ చెయ్యలే, లెక్క ప్రకారం పెడితే దానంతటదే తగిలింది. మళ్ళ ఆయన బూటుకి తడి మెరుపు వేసిన.

ఇంత దాక వచ్చినంక మళ్ళ ఒక దెబ్బ తిన్న. నీళ్ళ కోసం ఈసారి ఎపాక్సీ రెసిన్ పోద్దామనుకున్న, ఎందుకంటే మునిగిన ఫ్లోట్ నీళ్ళల్లకెళ్ళి నీడలెక్క కనపడాలె, ఫెవికాల్ అలలల్ల అది రాదు. బేస్ అడుగు ముదురు నీలం, దీవి ఒడ్డు పచ్చదనం కాదు, లోతైన సముద్రం. మే మూడో వారం, మధ్యాహ్నం, ఒకేసారి పన్నెండు మిల్లీమీటర్లు పోసిన. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తదని నాకు తెలుసు, రోజూ అక్రిలిక్‌తోని అదే పని కదా, కానీ గదిల ముందే నలభై డిగ్రీలు ఉంటే, అంత మందంగ ఒక్కసారే పోస్తే ఆ వేడి బయటికి పోయే తోవ లేదన్నది ఆ పూట పట్టిచ్చుకోలే. ఇరవై నిమిషాలల్ల గిన్నె పట్టుకుంటే చెయ్యి కాలింది. రెసిన్ పసుపెక్కింది, లోపల బుడగలు, విమానం ఫ్లోట్ అడుగు మెత్తబడి ఒక పక్కకి వంగింది. మనుషుల్ని ముందే తీసి పక్కన పెట్టిన కాబట్టి వాళ్ళు బతికిన్రు. నేను ఆ రోజు ల్యాబ్ షట్టర్ దించి ఇంటికి పోయిన, ఎవరితోని మాట్లాడలే.

సార్‌కి చెప్పాలె కదా, రెండు రోజులకి చెప్పిన. ఆయన ఏమనలే, ఎంత టైం కావాలని మాత్రం అడిగిండు.

ఫ్లోట్ మళ్ళ కొనాల్సిన పని పడలే, టబ్బు పరీక్ష కోసం చేసుకున్న సిలికాన్ అచ్చు ఉంది కదా, దాంట్లనే కింది సగం అక్రిలిక్‌తోని మళ్ళ పోసుకున్న. పై సగం కిట్‌దే, వంగలే. రెండూ అతికిచ్చి, సందులు పుట్టీతోని నింపి, సాపు చేసి మళ్ళ తెలుపు కొట్టిన. అక్రిలిక్ వేడికి ప్లాస్టిక్ అంత తొందరగ లొంగదు, కాబట్టి ఈ మరమ్మత్తు ఒక రకంగ మేలే చేసింది. రెసిన్ ఈసారి మూడు మిల్లీమీటర్ల చొప్పున, రాత్రి పదకొండు దాటినంక, ఒక్కో పొర నడుమ పూర్తిగ ఒక రోజు ఆగి. అయిదు రాత్రులు. పోసే ముందు, టబ్బుల పెంకు మీద పెట్టిన సూది గుర్తుల ప్రకారమే ఫ్లోట్‌కి దారం లాంటి మాస్కింగ్ టేపు చుట్టిన, రెసిన్ ఆ టేపు అంచుకి వచ్చి ఆగాలె, దాటొద్దు. చివరి పొర పోసేటప్పుడు టార్చ్ పక్కకెళ్ళి కొట్టి చూసుకుంట పోసిన, తోక దగ్గర గీత ముందుగల మునగాలె, ముక్కు దగ్గర ఆఖరికి. ఆ చివరి అర మిల్లీమీటర్ కోసం సిరంజి వాడిన. పై అలలు యాక్రిలిక్ జెల్‌తోని, పెద్దయి వద్దు, విమానం మెల్లగ జరుగుతున్నట్టు వెనక చిన్న చీలిక అంతే. ఇంజిన్ ఆపి సబ్‌మరీన్ పక్కకి చేరే క్షణం అనుకున్న, అందుకే ప్రొపెల్లర్ ఆగి ఉంది.

వానలు మొదలయినంక చివరి క్లియర్ కోట్. జులైల గాలిల తేమ ఉన్నప్పుడు లాకర్ వార్నిష్ కొడితే పాలపొర లెక్క తెల్లగ మంచు పట్టుకుంటది, అది తెలిసిన సంగతే, రెండు రోజులు ముసురు వదిలే దాక ఆగి కొట్టిన. ఏంటెన్నా తీగ పాత ఇయర్‌ఫోన్ వైర్లకెళ్ళి తీసిన రాగి పోగు. మొత్తం ఫిబ్రవరి నుంచి జులై ఆఖరు దాక, రాత్రులు లెక్కపెడితే నూట పదికి పైన.

ఇంకెవరన్నా చేసేటోళ్ళుంటే నేను అడిగేది ఒక్కటే, నీళ్ళల్ల విమానం పెట్టే ముందు దాని బరువు తెలుసుకోండి, స్కేల్ సంఖ్యని మూడుసార్లు వేసి హెచ్చించి, వచ్చినదానితోని భాగించండి, 1/72 అయితే 3,73,248తోని, 1/32 అయితే 32,768తోని, తర్వాత టబ్బుల వేసి చూడండి. ఫ్లోట్‌ని నీళ్ళ గీతకి కోసేసే పద్ధతి చానామందికి అలవాటు, నేను మొదట్ల అట్ల కోసి ఉంటే సార్ ఆ మాట అన్న రోజు నాకు వెనకకి తోవ ఉండకపోతుండె.

మోడల్ కాజీపేటకి నేనే తీసుకపోయిన, బండి మీద కాదు, ఆటోల, ఒళ్ళె పెట్టుకుని. సార్ ఇంట్ల గోడకి చెక్క అల్మార ముందే చేపిచ్చి పెట్టిండు, చానా కింద ఉంది, పిల్లలకి అందుతదేమో కదా సార్, ఇంత కిందికి ఎందుకు పెట్టిన్రు అన్న. ఆయన ఏం చెప్పకుండ ఎదురుంగ ఉన్న తన పడక కుర్చీల కూసున్నడు. నన్ను కూడా పక్క కుర్చీల కూసోమన్నడు. కూసున్న. నీళ్ళ గీత సరిగ్గ కండ్లకి సూటిగ వచ్చింది. ఆయన వేలు పెట్టి ఎడమ నుంచి ఒక్కొక్కరిని లెక్కపెట్టిండు, ఏడుగురు, లోపల ఇద్దరు. అయిపోయినంక మళ్ళ మొదటి నుంచి లెక్కపెట్టిండు.